ఆటోనగర్‌లో రోబో డ్రమ్ము చేయిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

వైజాగ్‌లో 15 కేజీల కాంబాట్ రోబో, అంటే పోటీల్లో ఇంకో రోబోతో కొట్లాడే రోబో, కట్టేవాళ్లంతా వెళ్లేది గాజువాక ఆటోనగర్‌లో ఆ లేత్ షాపుకే కాబట్టి ఏ షాపో చెప్పక్కర్లేదు. నేనూ అక్కడికే వెళ్లాను. గిర్రున తిరుగుతూ పళ్లతో ఎదుటి రోబోని కొట్టే డ్రమ్ముకి డ్రాయింగ్ ఇచ్చి, మెటీరియల్ ఈఎన్ 24 (హార్డెన్ చేస్తే బాగా గట్టిపడే అల్లాయ్ స్టీలు), పళ్లు తీశాక 45 హెచ్‌ఆర్‌సీకి (గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సీ స్కేల్) తగ్గకుండా హార్డెనింగ్ అని రాసి మరీ ఇచ్చాను. మెటీరియల్, మిల్లింగ్, హార్డెనింగ్ అన్నిటికీ కలిపి ముందే డబ్బు తీసుకున్నాడు. బిల్లు మీద మాత్రం "రోటర్ జాబ్ వర్క్" అని ఒక్క ముక్క. ఎంత క్లారిటీయో!

డ్రమ్ము నల్లగా, నూనె ఓడుతూ, ఫర్నేస్ నుంచి ఇప్పుడే దిగినట్టు వచ్చింది. పాలీకార్బొనేట్ షీటు వెనక నిలబడి, సగం థ్రాటిల్‌లో పాత ఎల్ యాంగిల్ ముక్క మీదకి తోలాం. ఒక్క దెబ్బ. పన్ను వెనక్కి మడతపడిపోయింది. నిజంగా హార్డెన్ చేసిన ఈఎన్ 24 అయితే అంచు చితకచ్చు, ఖర్మ కాలితే విరగచ్చు, అంతేగానీ మైనంలా వంగదు. ఎమరీ పేపరు పెట్టి రుద్దితే నలుపు కాస్తా పోయి కింద తళతళా మెరిసింది. పైపైన గ్యాస్ కటింగ్ మంట చూపించి నూనెలో ముంచాడన్నమాట. వేరే చోట హార్డ్‌నెస్ మిషన్ మీద పెట్టిస్తే సీ స్కేల్‌లో 20కి కూడా ఎక్కలేదు. గ్రైండర్‌కి ఆనిస్తే నిప్పురవ్వలు పొడుగ్గా సాగుతున్నాయి తప్ప పువ్వుల్లా పగలడం లేదు. అచ్చమైన ఎంఎస్, అంటే మామూలు మైల్డ్ స్టీలు. అందులో కార్బన్ తక్కువ, నిజంగా ఫర్నేస్‌లో పెట్టినా అంత గట్టిపడదు.

పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. గొడవపడతాడు, బుకాయిస్తాడు అనుకున్నాను. ఆయన టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు. వంగిన పన్ను మీద బొటనవేలు రాసి చూసి, "బొమ్మకి ఈఎన్ దేనికి బాబూ, ఎంఎస్ చాల్దేటి? యుద్ధానికెళ్తావేటి?" అన్నాడు. లేత్ దగ్గరున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. అవునండీ, యుద్ధానికే, దాన్ని కాంబాట్ రోబో అంటారు! మరి ఈఎన్ డబ్బులెందుకు తీసుకున్నారంటే "లేబర్‌లో కలిసిపోయాయి" అట. ఇంకా నిలబడితే "కస్టమర్లున్నారు, పక్కకి జరుగు" అన్నాడు. ఆ కస్టమర్‌ని నేనే కదా!

స్టీల్ ప్లాంట్ పక్కనే బతుకుతూ ఎంఎస్‌ని ఈఎన్ 24 ధరకి కొన్న ఘనత మా టీముకే దక్కింది. డబ్బు సంగతి అలా ఉంచండి, అది వేలల్లో ఆర్‌పీఎం మీద తిరిగే డ్రమ్ము. మ్యాచ్‌లో పన్ను వంగి బ్యాలెన్స్ తప్పితే బేరింగులు, షాఫ్టు, ఫ్రేము అన్నీ గోవిందా. ఆ టెన్షన్ బొమ్మ అన్నాయనకి ఎలా చెప్తాం?

వెళ్లక తప్పని వాళ్లు రాడ్ మీరే టెస్ట్ సర్టిఫికెట్‌తో కొనుక్కెళ్లండి, కోసేటప్పుడు దగ్గరుండి, ముక్క మార్చేయకుండా రెండు పక్కలా పంచ్ గుర్తు కొట్టండి, మిగిలిన ముక్క ఇంటికి తెచ్చుకోండి. హార్డెనింగ్ డబ్బు రీడింగ్ చూశాకే ఇవ్వండి.

మాకు ఈవెంట్ దగ్గరపడింది. ఎవరి దగ్గరైనా సర్టిఫికెట్ ఉన్న ఈఎన్ 24 రౌండ్ ముక్క, 100 ఎంఎం డయాకి తగ్గకుండా ఉంటే ఇన్‌బాక్స్ చేయండి, వచ్చి తీసుకుంటాం.