కమాన్ కట్టలు మార్చి రెండున్నరేళ్లు: మా అంబాసిడర్ ఎస్టేట్ సంగతి

మామిడి సీజన్‌లో వెనక డోరు ఎత్తి తోతాపురి క్రేట్లు సర్దుతుంటే తోటలో కూలీలు ఇప్పటికీ అడుగుతారు, "ఇంకా ఎన్ని పెట్టేది సామీ?" అని. ఒకప్పుడు ఆరో క్రేటుకే మా బండి వెనక బంపరు నేలచూపులు చూసేది. వెనక కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) మార్చాక ఇప్పుడు పన్నెండు పెట్టి దామలచెరువు మండీకి తోలుకెళ్తున్నా. రెండున్నరేళ్లలో పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది. వేలు మందం కుంగలేదు.

చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. 1978 మోడల్ ఎస్టేట్‌కి (వెనక డిక్కీ బదులు, పైకప్పు చివరిదాకా సాగి సామాను పట్టే అంబాసిడర్) మైలేజీ ఎంత, ఏసీ ఉందా అనేవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

మామూలు అంబాసిడర్ కట్టలు దొరకనివేం కావు. అంబాసిడర్లు తయారైన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయినా, దేశమంతా తిరిగిన ట్యాక్సీల పుణ్యమా అని సామాను ఇంకా అమ్ముతున్నారు. ఎస్టేట్ అనగానే మాత్రం షాపువాళ్లు మన ముఖం ఒకసారి, మనం పట్టుకెళ్లిన ఫొటో ఒకసారి చూస్తారు. మొదట ఊళ్లోనే ఒక షెడ్డులో పాత పట్టీలను సుత్తితో కొట్టి వంపు తెప్పించా. కాల్చలేదు, చల్లటి ఇనుము మీదే దెబ్బలు. నాలుగు నెలల్లో బండి మళ్లీ కూర్చుంది. తర్వాత చెన్నైలో పాత బండ్ల సామాను అమ్మే పుదుప్పేటలో ఆరు వేలు పెట్టి మామూలు కారు జత తెచ్చి బిగించా. ఖాళీగా ఉంటే బాగానే ఉండేది. కానీ ఎస్టేట్ బండిని ఖాళీగా తిప్పుకోవడానికా ఉంచుకునేది?

బెంగళూరులో బండి సామాను దొరికే జేసీ రోడ్డు కూడా చూసేద్దామని బావమరిదిని వెంటేసుకుని వెళ్లా. ఒక పూటంతా తిరిగినా ఏమీ దొరకలేదు, ఎండ దెబ్బ తప్ప. తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతున్నాం. బ్రేకు మీద కాలు పెట్టగానే వెనకాల "ఠప్"మని ఒక శబ్దం. రాయి తగిలిందనుకున్నా. అర నిమిషంలో బండి ఎడమవైపుకి లాగడం మొదలెట్టింది. "బావా, రబ్బరు కాలుతున్న వాసన" అన్నాడు వాడు. దిగి చూస్తే ఎడమ వెనక చక్రం తన చోటులో లేదు, నాలుగు వేళ్లు వెనక్కి జరిగి మడ్‌గార్డుకి రాసుకుంటోంది. కట్టలో అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీ, ముందువైపు బుష్‌కి (పట్టీ చివరను బాడీకి బిగించేచోట ఉండే రబ్బరు ముక్క) జానెడు దూరంలో తెగిపోయింది.

అంతవరకూ కమాన్ అంటే బరువు మోసేదనే అనుకున్నా. ఈ బండిలో వెనక యాక్సిల్‌ను, అంటే వెనక చక్రాల ఇరుసును, దాని చోట పట్టి ఉంచేదీ అదే. ముందు సగం తెగితే, బ్రేకు వేసినప్పుడల్లా యాక్సిల్‌ని ఆ పక్క ఆపేది ఏమీ లేదు. ఘాట్‌లో, దిగుడులో ఈ పాఠం నేర్చుకోవాల్సి వచ్చింది.

టమాటా లోడుతో చెన్నై పోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు ఒక్క మాట అడగకుండా బండి కిందకి దూరాడు. యాక్సిల్‌కీ బాడీకీ మధ్య చెక్క దిమ్మ ఇరికించి, టార్పాలిన్ కట్టే మోకుతో యాక్సిల్‌ని ముందుకి లాగి బిగించాడు. "ఇరవైకి మించి పోవద్దునా" అని చెప్పి, చిత్తూరులో లారీలకు కమాన్లు కట్టే ఒక మేస్త్రీ గుర్తులు చెప్పాడు. మా ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు లేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మేస్త్రీ బండి ఏదని అడగలేదు. ఏం మోస్తావు, ఎంత మోస్తావు అని అడిగాడు. తెగిన కట్టను నేల మీద పక్కకి పడేసి, దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత పైన, రెండు వేళ్ల ఎత్తులో ఇంకో గీత. "కిందది ముసిలితనం, పైది వయసు" అన్నాడు. కొత్త పట్టీలు ఎర్రగా కాల్చి, పై గీతకి సరిపోయేలా వంచి, నూనెలో ముంచాడు. మళ్లీ కొలిమిలో పెట్టాడు. నాకు నచ్చింది ఇక్కడే: వేడి చాలిందా లేదా అని సుత్తి కర్రపిడిని పట్టీ మీద గీస్తాడు. పొగ వస్తే చాలదు, గీసినచోట చిన్న చిన్న నిప్పురవ్వలు మెరవాలి. అప్పుడే తీస్తాడు. ఆ రెండో కాపు లేకపోతే పట్టీ గాజులా పెళుసెక్కి విరుగుతుందట. లోడు కోసం కింద ఒక పొట్టి పట్టీ అదనంగా వేశాడు. బిగించేటప్పుడు కూడా, జాకీ దించి బండి బరువంతా చక్రాల మీద పడ్డాకే బుష్ నట్లు గట్టిగా తిప్పాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా పోతుందని. జతకి, కట్టను యాక్సిల్‌కి బిగించే కొత్త యూ బోల్టులతో కలిపి పద్నాలుగు వేలు.

వేలు మందం కుంగలేదని పైన రాశాను కదా. మొన్న టేపు పెట్టి చూస్తే కుడివైపు ముప్పావు అంగుళం దిగింది. కంటికి తెలియదు, టేపుకి తెలుస్తుంది. ఆ పక్కనే డ్రైవరు, అంటే నేను కూర్చుంటా, నా బరువు సంగతి ఇక్కడ వద్దు. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోమన్నాడు, నేను తొమ్మిది వందల దాకా పోలేదు. ఒక నట్టు ముప్పావు చుట్టు తిరిగింది. అది నా తప్పే. వానాకాలంలో పట్టీల మధ్య కీచుమంటుంది, గ్రాఫైట్ గ్రీజు పెడితే రెండు నెలలు ఊరుకుంటుంది. ఖాళీ బండిలో మాత్రం వెనక సీటు వాళ్లకి కష్టమే. కాణిపాకం రోడ్డులో స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా అమ్మ "ఎద్దులబండే నయం" అంటుంది. గుడికి వెళ్లే రోజు వెనకాల రెండు బస్తాల బియ్యం వేసుకుని వెళ్తున్నామంటే అర్థం చేసుకోండి.

నాకైతే ఏడాదికి మూడు నెలలు కాయలు మోయాలి, మేస్త్రీ పక్కవీధి దూరంలో ఉన్నాడు. ఆదివారం పూట తుడిచి, ఊరి చుట్టూ ఒక రౌండు వేసుకునే బండికి ఇంత గట్టి కట్ట అవసరం లేదేమో. పుదుప్పేట జతే సరిపోవచ్చు. కొలిమి మానేద్దామని కొడుకు అంటున్నాడని మేస్త్రీ ఈ మధ్య చెప్పాడు. అందుకే మెయిన్ పట్టీ ఇంకొకటి ముందుగానే చేయించి, గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి మెట్ల కింద పెట్టా.