మక్క చేనుకు అడవి పందుల బెడద: తుపాకీయా, ఆముదమా, సోలార్ కంచెయా?

మక్క కంకి పాలు పట్టిందంటే అడవి పక్క ఊళ్లలో రైతుకు నిద్ర కరువు. పందుల మంద చేన్లో దిగితే తినేది కొంత, పడగొట్టేది అంతకు మించి. కర్రను మూతితో నెట్టి వాల్చి, కంకి నాలుగు కొరుకులు కొరికి పక్క కర్ర మీద పడతాయి. పల్లి చేనైతే సాలు వెంట తవ్వుకుంటూ పోతాయి. అలాగని వాటిని లేకుండా చేస్తామంటే కుదరదు. ఆసిఫాబాద్, కవ్వాల్ అడవుల్లో పులి తిండిలో అవీ భాగమే. అడవిలో తిండి తగ్గితే పులి చూపు పశువుల మీదికి మళ్లుతుంది.

ముందు దొంగ కరెంటు సంగతి. మోటారు లైనుకు కొక్కెం తగిలించి చేను చుట్టూ బైండింగ్ వైరు కట్టేస్తారు. ఖర్చు దాదాపు లేదు, పందీ చస్తుంది. చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతూ చస్తాడు. ఇలాంటి తీగలకు పులులూ బలయ్యాయి. నేరమన్నది సరే, దీన్ని మిగతా వాటి పక్కన పెట్టి తూచడమే దండగ.

తుపాకీకి చట్టంలో దారి ఉంది. పంటను పాడుచేసే పందులను కాల్చేందుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది. మంద మరీ పెరిగిన చోట ఇది అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ నిలువెత్తు మక్కలో రాత్రిపూట పందిని గురిచూడటం మాటలు కాదు. పైగా పంది చూలు కట్టాక నాలుగు నెలలు తిరక్కుండానే ఈనుతుంది, ఈతకు నాలుగైదు పిల్లలు. షూటర్ వచ్చి వెళ్లాక చేనుకు కాపలా ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఖర్చు తక్కువది గట్టు పంట. మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ కుసుమ నాలుగేసి సాళ్లు దగ్గరగా వేస్తే లోపలి పంట వాసన పందికి సరిగా అందదు. అది చూపుతో కన్నా ముక్కుతో తిరిగే జంతువు కదా. కుసుమ ముళ్లు అదనపు అడ్డు. అమ్ముకుంటే నాలుగు రూపాయలూ వస్తాయి. తిప్పలేమిటంటే, గట్టు పంట ఎత్తు పెరిగేలోపు చేనుకు రక్షణ లేదు, బాగా ఆకలిగొన్న మంద దాన్నీ తోసుకుని వస్తుంది. పందులను బెదరగొట్టడానికి చేను చుట్టూ కట్టే పాత చీరలు, చల్లే వెంట్రుకలు కొన్నాళ్ల ముచ్చటే. పందులు అలవాటు పడిపోతాయి.

నా ఓటు సోలార్ కంచెకు, అయితే ఒక్కడే వేసుకునే కంచెకు కాదు. అందులో కరెంటు సెకనుకో సారి కొట్టి వదిలే చిన్న దెబ్బ. మూతికి తగిలితే పంది వెనక్కి తిరుగుతుంది, చావదు. ఇక తీగ లెక్క చూడండి. చదరంగా ఉన్న ఎకరం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. అదే 25 ఎకరాలు కలిసి ఒకే కంచె వేసుకుంటే మొత్తం 1,272 మీటర్లు, అంటే ఎకరానికి వచ్చేది 51 మీటర్లే. తీగ, గుంజలు ఐదో వంతుకు దిగుతాయి. ఒక్కడే వేసుకుంటే ఖర్చూ ఎక్కువే, మంద నేరుగా పక్కవాడి చేన్లో పడుతుంది, ఊళ్లో తగాదా ఉచితం.

ఉమ్మడి కంచెలోనూ వాగు వెంట దారి వదలాలి. కవ్వాల్‌కూ, మహారాష్ట్రలోని తడోబా పులుల అడవికీ మధ్య పులులు నడిచే ఊళ్లలో మరీ ముఖ్యం. అడ్డంగా కంచె కడితే అవి ఊరి మీదుగా తిరుగుతాయి. కంచెకు బయట, అడవి వైపు ఆముదం సాళ్లు వేస్తే రెండూ కలిసొస్తాయి, కాకపోతే కొమ్మలు తీగకు తగలనంత దూరంలో. ఇంకొకటి మాత్రం ముందే తేల్చుకోవాలి: వానాకాలంలో కింది తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలకు దిగిపోయి కంచె ఉత్త తీగే అవుతుంది, కాబట్టి ఆ గడ్డి కోత ఎవరి వంతు, కూలీ ఎవరిస్తారు, బ్యాటరీ ఎవరింట్లో పెడతారు.