మినీఫిక్స్, ఫెవికాల్, స్క్రూలు, వెనక షీట్: బుక్‌షెల్ఫ్ ఊగకుండా ఉండాలంటే ఏది మేలు?

పార్శిల్‌లో వచ్చిన బుక్‌షెల్ఫ్ మేమే బిగించుకున్నాం, ఏడాది తిరక్కుండానే అటూ ఇటూ ఊగుతోంది, మినీఫిక్స్‌లు (పలకల్ని కలిపి పట్టుకునే బోల్టు, క్యామ్ జతలు) మళ్లీ బిగిస్తే చాలా, ఫెవికాల్ పోసేయమంటారా, కార్పెంటర్‌ని పిలిచి స్క్రూలు కొట్టించమంటారా అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కళ్లకీ విడిగా చెప్పే బదులు అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నేను మాట్లాడేది పార్టికల్ బోర్డ్, అంటే చెక్కపొట్టుని గమ్‌తో నొక్కి చేసిన బోర్డ్ షెల్ఫుల గురించే, ఎక్కువమంది కొనేవి అవే కాబట్టి. కొలతలు కావాల్సినప్పుడు ఐకియా కంపెనీ బిల్లీ అనే బుక్‌షెల్ఫ్‌వి చెప్తాను, 80 సెంటీమీటర్ల వెడల్పు, 202 ఎత్తు, 1979లో వచ్చిన డిజైన్, హైదరాబాద్‌లో 2018లో వాళ్ల స్టోర్ తెరిచాక మనవాళ్లకీ బాగా తెలిసింది.

మినీఫిక్స్ దగ్గర మొదలుపెడదాం. నిలువు పలకలో బోల్టు ఉంటుంది, అడ్డ పలకలో ఉన్న గుండ్రటి క్యామ్‌ని తిప్పితే అది బోల్టు తలని పట్టుకుని లోపలికి లాగుతుంది. పక్కనే ఉండే 8 ఎంఎం డోవెల్, అంటే గుండ్రటి చిన్న చెక్క పుల్ల, బరువు మోస్తుంది. అంటే మినీఫిక్స్ పని రెండు పలకల్ని దగ్గరగా లాగి పట్టుకోవడం, అంతవరకే. వదులైతే స్క్రూడ్రైవర్‌తో మళ్లీ తిప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చు. కానీ క్యామ్ తిరిగేది దాదాపు అర చుట్టే, ఆగిపోయాక ఇంకా బలవంతం చేస్తే లోపల బోర్డ్ పొడిపొడిగా రాలిపోయి గుంత పెద్దదవుతుంది, తర్వాత ఎంత తిప్పినా పట్టదు. అందుకే డ్రిల్ మెషిన్ పెట్టి బిగించొద్దు, చేత్తోనే.

సరే, బిగించారు, మళ్లీ కొన్ని నెలలకి వదులైంది. ఎందుకు? నాకు తెలిసి అసలు తేల్చుకోవాల్సింది ఇదే, చాలామంది దీన్ని వదిలేసి ఏ స్క్రూ మంచిది, ఏ గమ్ మంచిది అని వెతుకుతుంటారు. షెల్ఫ్ పై అంచు పట్టుకుని పక్కకి నెట్టి చూడండి, నిలువు పలకలు రెండూ ఒకేవైపు వాలతాయి, మూలలు చదరం తప్పుతాయి. రెండు మీటర్ల పొడవు పలక మీటలాగా పనిచేస్తుంటే దాన్ని ఆపాల్సింది 16 లేదా 18 ఎంఎం మందం ఉన్న అడ్డ పలక చివర. పుస్తకాలు సర్దినప్పుడల్లా, ఊడ్చేటప్పుడు జరిపినప్పుడల్లా ఆ జాయింట్ కొంచెం అటు, కొంచెం ఇటు ఒరుసుకుంటుంది, ఆ ఒరిపిడికే క్యామ్ వెనక్కి తిరుగుతుంది, బోల్టు గుంత అరుగుతుంది. అగ్గిపెట్టె తీసుకోండి, లోపలి అర తీసేసి పై డొల్లని నొక్కితే చప్పున పడుకుంటుంది, అర లోపల పెట్టి నొక్కండి, కదలదు. షెల్ఫ్‌కి ఆ అర పని చేసేది వెనక షీట్.

అందుకే నా ఓటు ముందు వెనక షీట్‌కే. చాలా షెల్ఫులకి వచ్చేది 3 ఎంఎం హార్డ్‌బోర్డ్, ప్యాకింగ్ కోసం మధ్యలో మడత పెట్టి ఉంటుంది, దాంతో పాటు చిన్న మేకులు ఇస్తారు. ఆ షీట్ గోడ వైపు ఉంటుంది కదా, ఎవరు చూస్తారులే అని నాలుగు మూలలా నాలుగు కొట్టి వదిలేస్తారు, అక్కడే చెడింది. చేయాల్సింది ఏంటంటే షెల్ఫ్‌ని బోర్లా పడుకోబెట్టి, మూల నుంచి మూలకి టేప్ పెట్టి రెండు వైపులా కొలవాలి, బిల్లీ సైజుకి రెండూ 217 సెంటీమీటర్ల దగ్గర రావాలి, రెండిట్లో తేడా ఉంటే పొడుగు వచ్చిన మూలల్ని లోపలికి నెట్టి సమానం చేసుకుని అప్పుడు షీట్ బిగించాలి. మేకుల బదులు 16 ఎంఎం చిన్న స్క్రూలు, వాషర్లు వేసి, ముందు సన్నటి బిట్‌తో గుంత పెట్టుకుని, జానెడు కన్నా ఎక్కువ ఎడం లేకుండా చుట్టూ వేయండి, మధ్యలో కదలకుండా బిగించిన పలక ఉంటే దానికీ వేయండి. మేకు ఊగుడికి మెల్లగా బయటికొస్తుంది, స్క్రూ అంత తేలిగ్గా రాదు, పైగా ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చు. షీట్ గాడిలో దూర్చే రకం అయితే అది గాడిలో వదులుగా ఆడుతుంటుంది, గాడి లోపల లామినేట్ పొర లేని పచ్చి బోర్డే కాబట్టి సన్నగా ఫెవికాల్ గీత పెడితే పట్టేస్తుంది, కాకపోతే తర్వాత విప్పడం కష్టం. ఇంకా గట్టిగా కావాలంటే ప్లైవుడ్ షాపులో 6 ఎంఎం ప్లై సైజుకి కోయించుకోండి, 8×4 షీట్‌లో తేలిగ్గా వస్తుంది. వెనక తెరిచి ఉండే మోడల్ కొన్నవాళ్లకైతే ఇది తప్పనిసరి అనే అంటాను.

ఫెవికాల్ సంగతి. లామినేట్ మీద పూస్తే పట్టదు, ఆరాక పొరలా ఊడి వస్తుంది. పట్టేది డోవెల్ గుంతలో, అక్కడ పచ్చి బోర్డ్, పచ్చి చెక్క. డోవెల్‌కి రెండు వైపులా రాసి, మినీఫిక్స్ బిగించేస్తే అదే క్లాంప్ పని చేస్తుంది, 24 గంటలు కదపకుండా వదిలేయండి. జాయింట్ చాలా గట్టిగా అవుతుంది, సొంతిల్లు, షెల్ఫ్ కదిలించేది లేదు అనుకుంటే వెనక షీట్‌తో పాటు ఇదీ చేయమంటాను. అద్దె ఇళ్లవాళ్లు మాత్రం ఆలోచించుకోండి, రెండు మీటర్ల షెల్ఫ్ విప్పడానికి రాకపోతే మెట్ల మలుపులో తిరగదు, లిఫ్ట్‌లో పట్టదు.

స్క్రూలు కొట్టించడం అంటే కార్పెంటర్లు కొందరు చేతిలో ఉన్న నల్ల స్క్రూ పార్టికల్ బోర్డ్ అంచులోకి నేరుగా దించేస్తారు, అంచు ఉబ్బి చీలుతుంది. వేయిస్తే 7×50 ఎంఎం కన్ఫర్మాట్ స్క్రూలే (పార్టికల్ బోర్డ్ కోసం చేసిన లావు స్క్రూలు) వేయించండి, అడ్డ పలక అంచులో 5 ఎంఎం, బయటి నిలువు పలకలో 7 ఎంఎం గుంత ముందే పెట్టాలి. మినీఫిక్స్ గుంతలు పూర్తిగా పాడైన షెల్ఫ్‌కి ఇది మంచి దారి. లేదా బోల్టు గుంతని 8 ఎంఎంకి పెద్దది చేసి, ఫెవికాల్ రాసిన డోవెల్ దించి, ఆరాక మళ్లీ గుంత పెట్టినా నిలుస్తుంది, అగ్గిపుల్లలు కుక్కితే మాత్రం నిలవదు.

ఎల్ బ్రాకెట్లు పెడితే చిన్న స్క్రూలు పైపై బోర్డ్‌లోనే ఉంటాయి, కొన్నాళ్లకి అవీ ఊడతాయి. గోడకి బిగించడం వేరే విషయం, ముందుకి పడకుండా ఉండడానికి, పిల్లలున్న ఇంట్లో తప్పదు, ఇటుక గోడకి మామూలు ప్లగ్ చాలు, ఏఏసీ బ్లాక్ (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంట్ బ్లాక్) గోడకి దానికోసం చేసిన నైలాన్ ప్లగ్ కావాలి, అమెరికా అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు డ్రైవాల్ (జిప్సమ్ బోర్డ్ గోడ) వెనక ఉండే స్టడ్, అంటే నిలువు దూలం, వెతుక్కోవాలి, అవి సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి.

ఇవన్నీ చేసినా ఊగుతుంటే నేల చూడండి. మన టైల్స్ అంతా ఒకే మట్టంలో ఉండవు, ఒక మూల కింద ఎడం ఉంటే పుస్తకాలు పెట్టేకొద్దీ షెల్ఫ్ మెలితిరుగుతుంది, రసమట్టం పెట్టి చూసి ఆ మూల కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చండి. ఆ ముక్క అలాగే ఉంచి, నాలుగు మూలల కిందా ఒకే ఎత్తు రబ్బరు బుష్‌లు వేస్తే ఇల్లు తుడిచే నీళ్లు బోర్డ్ అంచుకి తగలవు, ఒకసారి కింద అంచు ఉబ్బిందంటే అక్కడి జాయింట్‌ని ఏ స్క్రూ, ఏ గమ్మూ నిలబెట్టలేదు.