ఆరోగ్యశ్రీ కార్డుతో వెళ్తున్నారా? చదవకుండా సంతకం పెట్టకండి

పోయిన నెల ఒక పొద్దున నాన్నకు గుండెల్లో నొప్పి వస్తే కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. బయట ఆరోగ్యశ్రీ బోర్డు చూసే లోపలికి వెళ్లాం. యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేయాలన్నారు. కార్డు తీయగానే కౌంటర్‌లో మాట మారింది. "ఆరోగ్యశ్రీలో అయితే నాలుగైదు రోజులు పడుతుంది, బెడ్ లేదు. క్యాష్ కడితే సాయంత్రానికల్లా వేస్తారు" అన్నాడు. క్యాష్ అనేసరికి బెడ్ ఎక్కడి నుంచి వచ్చిందో!

ఆ టెన్షన్‌లో అమ్మ గాజులు కుదువ పెట్టి లక్షా ఇరవై వేలు కట్టాం. అప్పుడే ఒక కాగితం మీద నాతో సంతకం చేయించుకున్నారు. నేను చదవలేదు. ఆరోగ్యశ్రీ వద్దనుకుని మా ఇష్టంతోనే డబ్బు కడుతున్నామని అందులో ఉందట. మర్నాడు అక్కడి ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఉద్యోగి) కలిస్తే, "ముందే నా దగ్గరికి రావాల్సింది, రూపాయి కట్టే పని లేదు" అన్నాడు. డబ్బు తిరిగివ్వమంటే ఆసుపత్రివాళ్లు ఆ సంతకమే చూపిస్తున్నారు.

ప్రభుత్వం బకాయిలు ఇవ్వడం లేదన్నది వాళ్ల బాధ. అది నిజమే. 2025 సెప్టెంబరులో ప్రైవేటు ఆసుపత్రులు అందుకే ఈ సేవలు ఆపేశాయి కూడా. కానీ ఆ లెక్క సర్కారుతో తేల్చుకోవాలి గానీ స్ట్రెచర్ మీదున్న మనిషి దగ్గర వసూలు చేస్తారా?

కాబట్టి డబ్బు తీసేముందే ఆరోగ్యమిత్రను వెతకండి, దొరక్కపోతే 104కి ఫోన్ చేయండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం పరిమితి 10 లక్షలు. బెడ్ లేదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. కట్టక తప్పకపోతే ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ఉచిత వైద్యం కదా, మనకేం హక్కుంటుంది అనుకోకండి. డబ్బు తీసుకుని కొందరికి, ఉచితంగా కొందరికి వైద్యం చేసే ఆసుపత్రిలో ఉచిత రోగులు కూడా వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.

నాన్న కోలుకుంటున్నారు. కేస్ షీట్ కాపీల కోసం నిన్న రాతపూర్వకంగా అడిగాం, 72 గంటల్లో ఇవ్వాలి. అవి చేతికి రాగానే కమిషన్‌కు వెళ్తున్నాం.