ఎనిమిది వరుసల డ్రమ్ సీడర్: విద్యార్థి వలంటీర్ల పొలానికి ఎంతవరకు పనికొస్తుంది?

నెల్లూరు జిల్లాలో వరి సాగు నాటుకూలీల ముఠా దొరకడం మీద ఆధారపడి ఉంటుంది. విశ్వవిద్యాలయం బోధనా క్షేత్రంలో ఆ ముఠా బదులు జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) విద్యార్థులు, వ్యవసాయ కోర్సుల పిల్లలు మడిలోకి దిగుతారు. నాటు వేయడం వాళ్లకు ఒక పూటలో చూపించొచ్చు. ఎకరం ఎకరం వాళ్ల చేత నాటించాలంటే మాత్రం కుదరదు. కొత్త చేతులు నారును లోతుగా పొడుస్తాయి, దాంతో పిలకలు తగ్గుతాయి. మధ్యాహ్నానికి నడుము పట్టేసి సగం మంది గట్టు మీద కూర్చుంటారు. అందుకే ఇలాంటి పొలాలకు, నాటు లేకుండా మొలకగింజను నేరుగా మడిలో సాళ్లుగా విత్తే ప్లాస్టిక్ డ్రమ్ సీడర్ మంచి కొనుగోలు. అయితే ఈ పరికరం రెండు విషయాల్లో అస్సలు సర్దుకోదు. మడి చదును తప్పితే ఊరుకోదు, గింజ మొలక అదును దాటితే ఊరుకోదు. వలంటీర్ల పనిని ఈ రెండింటికి తగ్గట్టు అమర్చుకోగలిగితేనే డబ్బు పెట్టండి.

పరికరం చాలా సాదా. ఒక ఇరుసు మీద నాలుగు డ్రమ్ములు, రెండు చివర్లా చక్రాలు, లాగడానికి పిడి. ప్రతి డ్రమ్ముకూ రెండు అంచుల్లో రంధ్రాల వరుసలు ఉంటాయి కాబట్టి ఒకేసారి ఎనిమిది సాళ్లు పడతాయి. సాలుకూ సాలుకూ 20 సెంటీమీటర్ల దూరం. ఒక మనిషి భుజాన వేసుకుని గట్టు మీద నడిచిపోయేంత తేలిక. డ్రమ్ము మీద త్రిభుజం గుర్తు ఉంటుంది, అది ముందుకు నడిచే దిక్కు. బిగించేటప్పుడు నాలుగు డ్రమ్ముల గుర్తులూ ఒకే వైపు ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి. ఒక్కటి తిరగబడినా ఆ రెండు సాళ్లలో గింజ పడే తీరు మారిపోతుంది. ఆ సంగతి వారం రోజుల తర్వాత, మొలక కనిపించినప్పుడు గానీ బయటపడదు.

మడిలోకి దించే ముందు టార్పాలిన్ మీద ఒక పరీక్ష చేయాలి. పిల్లలకు లెక్క నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. చక్రం అడ్డుకొలత 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకు 1.88 మీటర్లు, పది చుట్లకు దాదాపు 19 మీటర్లు. ఎనిమిది సాళ్ల వెడల్పు 1.6 మీటర్లు గనుక పది చుట్లకు సుమారు 30 చదరపు మీటర్లు విత్తినట్టు లెక్క. ఎకరాకు 12 కిలోల విత్తనం పడాలంటే ఆ 30 చదరపు మీటర్లలో 90 గ్రాముల పొడి గింజ పడాలి. నానిన గింజ పావు వంతుకు పైగా బరువు పెరుగుతుంది కాబట్టి టార్పాలిన్ మీద 110 నుంచి 115 గ్రాముల మండె విత్తనం (నానబెట్టి, మూటకట్టి ముక్కు పగలనిచ్చిన గింజ) కనిపించాలి. అంతకు బాగా ఎక్కువ పడితే కొన్ని రంధ్రాలను రబ్బరు పట్టీతో మూయాలి. సన్నగింజ రకాల్లో వెయ్యి గింజలు 15 గ్రాములు తూగుతాయనుకుంటే, ఈ మోతాదులో సాలు మీటరుకు 40 గింజలు పడతాయి. ఒత్తుగా పడితే మంచిదేలే అని వదిలేయకండి. చలికాలం మంచులో ఒత్తు పైరుకే అగ్గితెగులు ముందు పట్టేది. నాట్లకు ఎకరాకు 20 నుంచి 25 కిలోలు వాడే అలవాటున్న వాళ్లకు 12 కిలోలంటే నమ్మకం కుదరదు, అక్కడే చెయ్యి జారుతుంది.

ఇక మండె. మొత్తం పని దీని మీదే నిలబడి ఉంది. లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే తెగులు మందు చొప్పున కలిపి, 12 కిలోల విత్తనాన్ని 12 లీటర్లలో 24 గంటలు నానబెట్టాలి. తర్వాత నీరు ఒడిపేసి, తడి గోనె సంచుల్లో 12 నుంచి 24 గంటలు మండె కట్టాలి. నారుమడికైతే మొలక కాస్త పొడుగైనా ఇబ్బంది లేదు. డ్రమ్ముకు మాత్రం గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తే చాలు. రెండు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే మొలకలు ఒకదానికొకటి చిక్కుకుని రంధ్రాల దగ్గర గుత్తులవుతాయి, లాగుతుంటే విరుగుతాయి. 12 కిలోలనూ ఒకే మూటగా కడితే నడిమి గింజ వేడెక్కి ముందే మొలుస్తుంది, అంచుల్లోది ఇంకా కళ్లు తెరవదు. ఆరు కిలోల చొప్పున రెండు మూటలు కట్టి, మధ్యలో ఒకసారి విప్పి కలియబెట్టి నీళ్లు చిలకరిస్తే మొలక సమంగా వస్తుంది. ఎడగారు (వేసవి పంట) ఎండల్లో 12 గంటలకే ముక్కు పగలొచ్చు, మార్గశిరం చలిలో పూర్తి 24 గంటలూ పట్టొచ్చు. విత్తే ముందు ఓ అరగంట నీడన పరిచి పైతడి ఆరనివ్వాలి. తడి గింజ డ్రమ్ము గోడకు అంటుకుంటుంది. మందు పట్టించిన గింజ కనుక పిల్లలకు గ్లౌజులు ఇవ్వాలి, మిగిలినది కోళ్లకు వేయకూడదు.

మొలక ఇంత కచ్చితం కాబట్టి వలంటీర్ల పట్టికను విత్తే గంట నుంచి వెనక్కి రాసుకోవాలి. ఎక్కువ కాలేజీలకు శనివారం వీలు. మండెకు పూర్తి 24 గంటలు పట్టే చలి రోజుల్లో, శనివారం ఉదయం 7 గంటలకు విత్తాలంటే గురువారం ఉదయం 7 గంటలకు నానబోయాలి, శుక్రవారం ఉదయం మండె కట్టాలి; 12 గంటలే చాలే ఎండల్లో ఈ రెండు పనులూ అదే రోజుల సాయంత్రానికి జరపాలి. ఆఖరి దమ్ము (నీటిలో బురద దున్నకం), చదును కూడా శుక్రవారం ఉదయానికే అయిపోవాలి, ఎందుకంటే బురద పేరుకోవడానికి ఒక రోజు కావాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. విత్తే రోజుకు ఇరవై మందిని పిలిచి, ముందు రోజుకు ఇద్దరితో సరిపెడతారు. నిజానికి తిరగేసి పిలవాలి. గట్లు చెక్కడానికి, మూలలు తవ్వడానికి, మిట్టపల్లాలు సరిచేయడానికి, నీరు తీసే కాలువలు చేయడానికి శుక్రవారమే పది పదిహేను మంది కావాలి. విత్తే రోజు మడిలో ఒక్క అనవసరపు పాదం కూడా పడకూడదు. పాదం పడిన ప్రతిచోటా ఒక గుంట, గుంటలో నీరు, నీటిలో కుళ్లిన గింజ.

బురద తయారైందో లేదో వేలితో గీత గీసి చూడొచ్చు. వెంటనే పూడుకుపోతే ఇంకా పలచన, గింజ లోపలికి దిగిపోతుంది. గీత అలాగే నిలిచిపోతే గట్టిపడింది, గింజ పైనే ఎండిపోతుంది. కోవూరు, ఇందుకూరుపేట వైపు డెల్టా నల్లరేగడి బురద తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తేలిక నేలల్లో అదే బురద కొన్ని గంటల్లోనే బిగుస్తుంది. శుక్రవారం సాయంత్రం నీరు పూర్తిగా తీసేస్తే, శనివారం పొద్దున మడి తడిగా మెరుస్తూ ఉండాలి గానీ నీరు కనిపించకూడదు.

విత్తే రోజుకు ఐదుగురు చాలు. ఒకరు లాగాలి, ఒకరు మారు మనిషి, ఒకరు గట్టు మీద గింజ తూచి నింపాలి. నాలుగో మనిషి వెనక పక్కగా నడుస్తూ ఎనిమిది సాళ్లలోనూ గింజ పడుతోందా అని చూడాలి, ఒక పుల్ల చేతిలో ఉంచుకుని మూసుకుపోయిన రంధ్రాలు తెరవాలి. ఐదో మనిషి మూలలు, మలుపుల దగ్గర మిగిలిన చోట చేత్తో గింజ వేయాలి. ఎకరం పూర్తవడానికి 1.6 మీటర్ల వెడల్పు బార్లలో (మడి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక నడక ఒక బారు) దాదాపు రెండున్నర కిలోమీటర్లు బురదలో నడవాలి. ఒక్కరి చేత లాగిస్తే సగంలో నడక మందగిస్తుంది, అడుగులు తడబడతాయి, సాళ్లు వంకరపోతాయి. ఐదారు బార్లకు ఒకసారి మనిషిని మార్చండి. చెప్పుల్లేకుండానే దిగాలి, బూట్లు వేస్తే గుంటలు పెద్దవవుతాయి. కాళ్లకు పుండ్లు, కోతలు ఉన్నవాళ్లను గట్టు పనికి పెట్టాలి.

డ్రమ్మును మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. నిండుగా ఉంటే లోపల గింజ దొర్లదు, రంధ్రం దాకా రాదు. పావు వంతుకు దిగితే ఉల్టా, గింజ ధారగా పడుతుంది. పావుకు చేరకముందే మళ్లీ నింపితే మడంతా ఒకే తీరుగా పడుతుంది. కొత్తవాళ్లు వెళ్లేటప్పుడు ఖాళీ అయ్యేదాకా లాగుతారు, అందుకే బారు చివర ఒత్తుగా, మొదట్లో పలచగా మొలుస్తుంది. నడిమధ్యలో ఆగకూడదు. తప్పనిసరిగా ఆగితే మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఓ అడుగు వెనక్కి జరిపి లాగాలి. చక్రం బురదలో తిరగకుండా జారితే ఆ మేరకు సాలు ఖాళీ. ముందు బారులో చక్రం వదిలిన జాడ మీదే ఈ బారు చక్రం నడిస్తే దూరం సమంగా వస్తుంది, మొదటి బారుకు మాత్రం తాడు కట్టాలి. ప్రయోగ మడులు వేసే క్షేత్రాలు వెడల్పును 3.2 లేదా 4.8 మీటర్లకు దగ్గరగా పెట్టుకుంటే సగం బార్ల బెడద ఉండదు.

విత్తిన తర్వాతే అసలు ఓపిక. గింజ బురద పైనే ఉంటుంది కాబట్టి పావురాలు, గోరింకలు, పిచ్చుకలు దిగుతాయి. పచ్చ కనిపించేదాకా దాదాపు వారం రోజులు, తెల్లవారి రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కాపలా కావాలి. ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ చూపించాలి. ఈ కాపలాను కూడా ఆ గంటల్లో రాసి సంతకం పెట్టిస్తే పిల్లలు వస్తారు. రాయకపోతే రెండో రోజుకే గట్టు ఖాళీ. మొదటి మూడు రోజులు నీరు పెట్టకుండా, ఆ తర్వాత తడి ఇచ్చి తీసేస్తూ, మొలక నిలదొక్కుకున్నాక పలచగా నిలపాలి.

కలుపు విషయంలో ఈ పద్ధతి కఠినమైనది. నాట్లలో పైరు ముందుంటుంది, ఇక్కడ వరీ, ఊద అనే కలుపు గడ్డీ ఒకే రోజు పుడతాయి. విత్తిన 3 నుంచి 5 రోజుల్లో ఎకరాకు 600 మిల్లీలీటర్ల ప్రెటిలాక్లోర్ కలుపు మందును 20 కిలోల ఇసుకలో కలిపి చల్లాలి. సేఫ్‌నర్ (వరి మొలకను మందు నుంచి కాపాడే పదార్థం) కలిసిన రకమే కొనాలి, అది లేని మామూలు ప్రెటిలాక్లోర్ మొలకనే దెబ్బతీస్తుంది. 15 నుంచి 20 రోజుల మధ్య ఊద ఇంకా కనిపిస్తే నీరు తీసి ఎకరాకు 100 మిల్లీలీటర్ల బిస్‌పైరిబాక్ సోడియం కొట్టి, 48 గంటల తర్వాత నీరు పెట్టాలి. ఈ మందుల పని వలంటీర్లకు అప్పగించకూడదు, శిక్షణ ఉన్న క్షేత్ర సిబ్బందే చేయాలి. శనివారం విత్తితే మూడో శనివారానికి 21 రోజులు. సోమ, మంగళవారాల్లో మందు పని ముగించి, పిల్లలను ఆ శనివారం దించితే సరిపోతుంది.

ఆ రోజు సాళ్ల మధ్య వీడర్ (కలుపు తీసే పరికరం) నడపొచ్చు, 15 సెంటీమీటర్ల లోపు వెడల్పున్నదైతే పైరుకు తగలదు. సాలు లోపలి కలుపుకు కన్ను కావాలి. లేత ఊద, లేత వరి పక్కపక్కన పెడితే అనుభవం లేనివాళ్లకు తేడా తెలియదు. ఆకు కాండాన్ని పట్టుకున్న చోట ఆకును మెల్లగా వెనక్కి వంచి చూడమనండి. వరిలో అక్కడ తెల్లని పలచటి నాలుక, రెండు పక్కలా నూగుతో చిన్న చెవులు ఉంటాయి. ఊదలో ఆ చోటు నున్నగా ఉంటుంది, నాలుకా చెవులూ ఏవీ ఉండవు. మడిలోకి దించే ముందు గట్టు మీదే ప్రతి ఒక్కరి చేతా పది మొక్కలు ఏరించాలి. ఇది చేయించని పొలాల్లో కలుపుతో పాటు వరి కూడా పీకి గట్టు మీద పడేస్తారు. ఏరేసిన ఒత్తు మొక్కలతోనే ఖాళీలు పూరించాలి.

ఏ కారుకు (పంట కాలానికి) బాగుంటుంది? నెల్లూరులో పెద్ద పంట విత్తే వేళకు ఈశాన్య రుతుపవనం ఉంటుంది. విత్తిన రెండు రోజుల్లో గట్టి వాన పడితే గింజంతా పల్లానికి కొట్టుకుపోతుంది, సాళ్లు మాయమవుతాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే విత్తనం నానబోయకముందే వాయిదా వేయండి. మండె కట్టాక మబ్బు పట్టిందంటే గింజను నీడన పలచగా పరిచి మొలకను కాస్త నెమ్మదింపజేయొచ్చు, అదీ ఒక్క రోజుకే. అప్పటికీ కుదరకపోతే నారుమడిలో చల్లుకోవడమే దారి, కాబట్టి చిన్న నారుమడి చోటు సిద్ధంగా ఉంచాలి. ఎడగారులో వాన భయం తక్కువ గానీ కాలువ నీరు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసి ఉండాలి. మడిని ఆరబెట్టి తడిపే పద్ధతి ఇది, వంతు నీటితో నడిపితే మొలక దశలోనే చిక్కొస్తుంది. బోరు ఉన్న మడులతో మొదలుపెట్టడం మేలు. ఏ కారైనా నాటిన పైరు కన్నా వారం పది రోజులు ముందు కోతకు వస్తుంది. సెమిస్టర్ పరీక్షలతో ఆ వారం గుద్దుకుంటుందేమో విత్తే ముందే క్యాలెండర్‌లో చూసుకోవాలి.

కొనేటప్పుడు డ్రమ్ము మూత గొళ్లెం, చక్రం ఇరుసుకు కలిసే చోటు గట్టిగా చూడండి, ముందు పోయేవి ఆ రెండే. మూత వదులైతే మలుపులో గింజ కుప్పగా పోతుంది. రెండు మూతలు, రబ్బరు పట్టీలు, ఒక జత బుష్‌లు విడిగా దొరకని దుకాణంలో కొనకపోవడమే మంచిది. పని అయ్యాక లోపల కడగకపోతే మిగిలిన గింజ రంధ్రాల్లోనే మొలిచి ఎండి, వచ్చే కారుకు మేకులా బిగుస్తుంది. కడిగి, డ్రమ్ములు విప్పి, షెడ్డులో వేలాడదీయాలి. మన ఎండకు ఆరుబయట వదిలేసిన ప్లాస్టిక్ పెళుసెక్కి, ముందుగా రంధ్రాల వరుస వెంటే చీలుతుంది.