పిల్లల్లో ఫంగల్ న్యుమోనియా: రక్తపరీక్ష మేలా, లావేజ్ (ఊపిరితిత్తిలోకి సెలైన్ పంపి వెనక్కి లాగి చేసే పరీక్ష) మేలా?

లుకేమియాకు కీమో నడుస్తున్న పిల్లవాడు. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) మైక్రోలీటరుకు 500 లోపే ఉన్నాయి. గట్టి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నా 96 గంటలు దాటింది, జ్వరం దిగలేదు. ముందు ఛాతీ సీటీ తీయాల్సిందే, ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. ఎక్స్‌రే బాగానే ఉందని ఆగకండి. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు వాపు పెద్దగా రాదు, ఎక్స్‌రేలో మచ్చ ఆలస్యంగా తేలుతుంది. పెద్దవాళ్లలో చెప్పే హేలో గుర్తు (గడ్డ చుట్టూ మసక వలయం), గాలి నెలవంక (గడ్డ అంచున నెలవంకలా గాలి) చిన్నపిల్లల్లో అంతగా కనబడవు. గడ్డలైనా, ఉత్త కన్సాలిడేషన్ (గాలి పోయి గట్టిపడిన భాగం) అయినా ఉంటుంది, అంతే.

గడ్డ కనబడింది సరే, అది ఏ ఫంగసో ఎలా తేల్చాలి?

సీరం గెలాక్టోమానన్ (ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ గోడలోని పదార్థాన్ని రక్తంలో వెతికే పరీక్ష) తేలిక. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు, మత్తు అక్కర్లేదు. ఇండెక్స్ 0.5 దాటితే ఆస్పర్‌జిల్లస్‌ను అనుమానించాలి, 1.0 దాటితే ఆ అనుమానం బాగా బలపడుతుంది. చిక్కంతా నెగెటివ్ వచ్చినప్పుడే. పోసకొనజోల్ లాంటి ఫంగస్ మందు ముందునుంచీ వాడుతుంటే ఈ పరీక్ష మొద్దుబారుతుంది. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ (తెల్లకణాలు క్రిములను చంపలేని పుట్టు జబ్బు) ఉన్న పిల్లల్లో ఫంగస్ రక్తనాళాల్లోకి చొచ్చుకుపోదు కాబట్టి ఊపిరితిత్తిలో బాగా పాకినా రక్తంలో దొరక్కపోవచ్చు. మ్యూకర్ (మరో రకం ఫంగస్) అయితే గెలాక్టోమానన్‌ను అసలు విడుదలే చేయదు. మన దేశంలో మ్యూకర్ ఎక్కువ, అందుకే నెగెటివ్ చూసి ఫంగస్ లేదని తేల్చేయడం ప్రమాదం.

బీటా-డి-గ్లూకాన్ (చాలా ఫంగస్‌ల గోడలో ఉండే పదార్థాన్ని వెతికే మరో రక్తపరీక్ష) ఇక్కడ పెద్దగా ఆదుకోదు. అదీ మ్యూకర్‌ను పట్టదు. పైగా ఇమ్యునోగ్లోబులిన్, ఆల్బుమిన్ ఎక్కించిన పిల్లల్లో ఊరికే పెరుగుతుంది. న్యుమోసిస్టిస్ (ఊపిరితిత్తులకు సోకే ఇంకో ఫంగస్) అనుమానం ఉన్నప్పుడు మాత్రం పనికొస్తుంది.

పిల్లవాడు తట్టుకోగలిగితే మా ఓటు లావేజ్‌కే. సీటీలో జబ్బున్న భాగానికి వెళ్లే గాలిగొట్టంలో బ్రాంకోస్కోప్‌ను (కెమెరా ఉన్న సన్నని గొట్టం) బిగించి, కిలోకు 1 మిల్లీలీటర్ చొప్పున నార్మల్ సెలైన్ మూడు విడతలు పంపి, వెంటనే వెనక్కి లాగాలి. ఒక్కో విడతకు 20 మిల్లీలీటర్లు మించనక్కర్లేదు. అదే నీటితో స్మియర్ (మైక్రోస్కోప్‌లో చూడటం), కల్చర్ (ల్యాబ్‌లో పెంచి చూడటం), గెలాక్టోమానన్ (ఇక్కడ 1.0 హద్దు), న్యుమోసిస్టిస్ పీసీఆర్, టీబీ జీన్‌ఎక్స్‌పర్ట్ అన్నీ అవుతాయి. స్మియర్‌లో ఫంగస్ పోగులు సన్నగా, అడ్డుగోడలతో, 45 డిగ్రీల కొమ్మలు వేస్తే ఆస్పర్‌జిల్లస్ లాంటిది. వెడల్పుగా రిబ్బన్లలా, అడ్డుగోడలు దాదాపు లేకుండా ఉంటే మ్యూకర్. మందు ఎంపిక ఇక్కడే మారుతుంది: వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు, లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కావాలి. అలాగని లావేజ్ రిపోర్టు కోసం మందు ఆపి కూర్చోవద్దు. మందు మొదలై రోజులు గడిచేకొద్దీ ఫంగస్ దొరికే అవకాశం తగ్గుతుంది కాబట్టి సీటీ అయిన ఒకటి రెండు రోజుల్లోనే స్కోప్ పెట్టించాలి.

ఆక్సిజన్ అవసరం పెరుగుతున్న పిల్లవాడికి స్కోప్ వెంటిలేటర్ దాకా తెచ్చిపెట్టవచ్చు. అప్పుడు రక్తపరీక్షే దిక్కు, నెగెటివ్ వచ్చినా మందు ఆపకూడదు.

లావేజ్‌లోనూ ఏమీ తేలక, గడ్డ ఛాతీ గోడకు దగ్గర్లో ఉంటే సీటీ సాయంతో సూది బయాప్సీ చేయాలి. ప్లేట్‌లెట్లు 50 వేలకు తెచ్చుకున్నాకే. ముక్కను నూరవద్దని, సన్నగా కోసి కల్చర్ పెట్టమని ల్యాబ్ ఫారంపై రాయండి. నూరితే మ్యూకర్ పోగులు చితికిపోయి ఏమీ పెరగదు.