సిరీస్ మొత్తాన్ని మార్చే ఎంపికతో నా పేచీ

నేను వాడే కేలెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీటింగును సవరించడం ఎంత సుఖంగా ఉంటుందో, ప్రతి వారం జరిగే మీటింగుల సిరీస్‌ను సవరించడం అంత ప్రమాదకరంగా ఉంటుంది. ఆఫీసులో సమావేశాలు ఏర్పాటు చేసే పని కొన్నేళ్లుగా నా మీదే ఉంది కనుక ఈ తేడా నాకు తరచుగా ఎదురవుతూనే ఉంటుంది. ఆహ్వానం ఎలా పంపాలి, గదిని ఎలా బుక్ చేయాలి, వీడియో లింకు ఎక్కడ ఉంటుంది అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. పంపేసిన ఆహ్వానాన్ని తర్వాత మార్చవలసి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నదే ఈ సమీక్ష. అందులోనూ ముఖ్యంగా, సిరీస్‌లోని ఏదో ఒక మీటింగును తెరిచి కాస్త మార్చగానే తెర మీదికి వచ్చే మూడు ఎంపికల గురించి రాస్తున్నాను: 'ఈ మీటింగు మాత్రమే', 'ఇది, దీని తర్వాతివి', 'సిరీస్ మొత్తం'. మూడో ఎంపిక మీద నాకు కలిగిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

బాగున్నదాన్ని ముందు బాగుందనే చెప్పాలి. ఒక్కసారి మాత్రమే జరిగే మీటింగు విషయంలో ఈ సాఫ్ట్‌వేర్‌కు పెద్దగా వంక పెట్టలేను. వారమంతా కనబడే తెరలో మీటింగును మౌస్‌తో పట్టుకుని మరో గంటకో మరో రోజుకో లాగి వదిలితే సమయం మారిపోతుంది. వెంటనే ఆహ్వానితులకు అప్‌డేట్ పంపాలా వద్దా అని అడుగుతుంది. వివరణలో ఒక అక్షరదోషం దిద్దినందుకు అందరి ఇన్‌బాక్సులనూ నింపనక్కరలేదు. కొత్తగా ఒకరిని చేర్చితే ఆ ఒక్కరికే ఆహ్వానం పంపే వీలు కూడా ఉంది. ఈ సౌకర్యాలు చూసే దీన్ని ఇష్టపడ్డాను, మా విభాగంలో కొత్తగా చేరినవారికి దీని గురించి గొప్పగా చెబుతూ వచ్చాను.

మా జట్టుకు ప్రతి మంగళవారం ఉదయం పది గంటలకు ఒక సమీక్షా సమావేశం ఉండేది. నెలల తరబడి నడిచిన సిరీస్ కనుక అందులో విడివిడి మార్పులు చాలానే చేరాయి. ఒక వారం మీటింగును గురువారానికి జరిపాము. కొన్ని వారాల్లో ఎక్కువమంది సెలవులో ఉండడం వల్ల రద్దు చేశాము. ఒక రోజుకు మాత్రం బయటి సంస్థ నుంచి ఇద్దరిని పిలిచాము. వీటన్నిటికంటే విలువైనది మరొకటి ఉంది. ఆ రోజు చర్చించవలసిన అంశాలను ఆ రోజు ఆహ్వానంలోనే రాసుకోవడం, మీటింగు ముగిశాక తీసుకున్న నిర్ణయాలను అక్కడే చేర్చడం మాకు అలవాటు. ఎప్పుడైనా ఏదైనా సందేహం వస్తే కేలెండర్‌లో వెనక్కి వెళ్లి ఆ తేదీ మీద నొక్కితే చాలు, ఎవరు ఏ పనికి ఒప్పుకున్నారో కనబడేది.

కొంతకాలానికి సమావేశాన్ని పదిన్నరకు మొదలుపెడదామని అందరూ అనుకున్నారు. మార్పు అరగంటే. నేను ఆ వారం మీటింగును తెరిచి, సమయం మార్చి, 'సిరీస్ మొత్తం' ఎంచుకుని, అప్‌డేట్ పంపమన్నాను. సాఫ్ట్‌వేర్ అడిగింది అప్‌డేట్ పంపాలా అని మాత్రమే. విడిగా చేసుకున్న మార్పులు ఏమవుతాయో ఒక్క మాటైనా చెప్పలేదు. తర్వాత తెర మీద చూస్తే రద్దు చేసిన మీటింగులన్నీ తిరిగి వచ్చి కూర్చున్నాయి. గురువారానికి జరిపినది మళ్లీ మంగళవారానికి చేరింది. వస్తామని ఒప్పుకున్నవారందరి పేర్ల పక్కనా 'ఇంకా స్పందించలేదు' అని వచ్చింది. అప్పటికే పది గంటలకు జరిగిపోయిన మీటింగులు కూడా పదిన్నరకు జరిగినట్టు మారిపోయాయి, వాటిలో మేము రాసుకున్న అంశాలు, నిర్ణయాలు చెరిగిపోయి, సిరీస్ మొదలుపెట్టిన రోజున రాసిన రెండు వాక్యాల వివరణ అన్నిటిలోనూ ఒకేలా కనబడింది.

ఆ తర్వాతి రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. బయటి సంస్థవారు వేరే కేలెండర్ వాడతారు. వారి దగ్గర గురువారం మీటింగు అలాగే ఉండి, దానికి తోడు మంగళవారం పదిన్నరకు మరొకటి కొత్తగా చేరింది. వారిలో ఒకరు ఏది నిజమో అడుగుతూ ఫోన్ చేశారు, మరొకరు అడగకుండానే మంగళవారం వచ్చి వీడియో కాల్‌లో ఒంటరిగా ఎదురుచూశారు. రద్దయిన వారానికి తిరిగొచ్చిన ఆహ్వానాన్ని నమ్మి ఒకరు తన సెలవునే వాయిదా వేసుకున్నారు. ఆ అప్‌డేట్లన్నీ నా పేరుతోనే వెళ్లాయి కాబట్టి, ఈ తికమక నిర్ణయాలన్నీ నావేనని అందరూ అనుకోవడం సహజమే. పోయిన నిర్ణయాల జాబితాను పాత మెయిళ్లలో వెతికి కొంతవరకు తిరిగి కూర్చుకున్నాము. మిగిలినది ఇక దొరకలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో కేలెండర్ ఆహ్వానాలకు ఆధారమైన ప్రమాణాన్ని చదివాను. దాని పేరు ఐకేలెండర్. 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2445గా (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే, సంఖ్యలు వేసిన పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) వెలువడింది, దాని స్థానంలో 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545 వచ్చింది. ఆహ్వానం, రద్దు, స్పందన వంటివి ఒక కేలెండర్ నుంచి మరొకదానికి ఎలా వెళ్లాలో ఆర్‌ఎఫ్‌సీ 5546 చెబుతుంది. ఈ పద్ధతిలో సిరీస్‌లోని ప్రతి మీటింగునూ విడిగా రాసిపెట్టుకోరు. 'ప్రతి మంగళవారం, పది గంటలకు' అనే ఒక నియమం ఉంటుంది, మొత్తానికి యూఐడీ అనే ఒకే గుర్తింపు ఉంటుంది. ఏదైనా ఒక వారాన్ని విడిగా మార్చితే, ఆ మార్పు ఏ మీటింగుకు చెందినదో చెప్పడానికి రికరెన్స్ ఐడీ అనే చోట ఆ మీటింగు అసలు మొదలుకావలసిన తేదీ, సమయం రాస్తారు. రద్దు చేసిన వారాలను ఎక్స్‌డేట్ అనే జాబితాలో అదే విధంగా అసలు సమయంతోనే నమోదు చేస్తారు.

చిక్కంతా అక్కడే ఉంది. నియమం పదిన్నరకు మారగానే, 'ఫలానా మంగళవారం పది గంటల మీటింగు రద్దు' అన్న నమోదుకు సరిపోయే మీటింగే సిరీస్‌లో లేకుండా పోతుంది. రద్దు చేసినది రద్దు కాకుండా పోవడానికి, జరిపినది వెనక్కి రావడానికి కారణం ఇదే. విడి మార్పులన్నీ ఇల్లు మారినవారి పాత చిరునామాకు వచ్చిన ఉత్తరాల్లా అయిపోతాయి.

ఇంత తెలిశాక నా కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. సాఫ్ట్‌వేర్‌కు ఈ విడి మార్పులు ఎన్ని ఉన్నాయో, ఏ తేదీలవో స్పష్టంగా తెలుసు; అవి దాని దగ్గరే ఉన్నాయి. సమయం అరగంట జరిగినప్పుడు ఆ గుర్తింపు సమయాలను కూడా అరగంట జరిపితే సరిపోతుంది. రోజే మారితే లెక్క కొంచెం కష్టమవుతుందని ఒప్పుకుంటాను, కానీ అప్పుడైనా 'ఈ తేదీల్లో మీరు చేసిన మార్పులు పోతాయి, కొనసాగించాలా' అని ఒక జాబితా చూపవచ్చు. జరిగిపోయిన మీటింగులను ముట్టుకోవడం మాత్రం ఏ విధంగానూ సమర్థించలేనిది. పది గంటలకు జరిగిన సమావేశం పది గంటలకే జరిగింది. దాని నమోదును మార్చే హక్కు సాఫ్ట్‌వేర్‌కు లేదు.

ఇప్పుడు నేను పూర్తిగా ఆధారపడుతున్నది రెండో ఎంపిక మీద. 'ఇది, దీని తర్వాతివి' అంటే పాత సిరీస్ ఆ ముందు వారంతో ముగిసిపోతుంది, కొత్త సమయంతో మరో సిరీస్ మొదలవుతుంది. గూగుల్ కేలెండర్‌తో పనిచేసే ప్రోగ్రాములు రాసేవారికి ఆ సంస్థ ఇచ్చిన పత్రాలలో కూడా ఇదే పద్ధతి సూచించారు: ముందు పాత సిరీస్‌ను కత్తిరించాలి, తర్వాత కొత్తదాన్ని సృష్టించాలి. దీనివల్ల గతం గతంగానే భద్రంగా ఉంటుంది, పాత నిర్ణయాలు పాత తేదీలలోనే దొరుకుతాయి. మొదటిసారి దీన్ని వాడి, వెనక్కి వెళ్లి చూసి, ఏదీ చెక్కుచెదరలేదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఊరట చిన్నది కాదు. 1998 నాటి ప్రమాణంలో 'ఇది, దీనికి ముందువి' అనే ఎంపికకు కూడా చోటుండేది. 2009లో దాన్ని ఇకపై వాడకూడదన్నారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అనుభవం చెబుతోంది.

అయితే రెండో ఎంపికకు కూడా ఇబ్బందులున్నాయి. కొత్త సిరీస్‌కు కొత్త గుర్తింపు వస్తుంది కాబట్టి అందరూ మళ్లీ ఒప్పుకోవాలి; ఇంతకు ముందే ఒప్పుకున్నాం కదా అని కొందరు పట్టించుకోరు. రాబోయే వారాల్లో ముందుగా రద్దు చేసి ఉంచినవి కొత్త సిరీస్‌లో మళ్లీ కనబడుతున్నాయేమో చూసుకోవాలి. అందుకే ఇప్పుడు సిరీస్‌ను మార్చే ముందు రాబోయే మార్పులను ఒక కాగితం మీద రాసుకుంటున్నాను, మార్చాక వాటిని చేతితో మళ్లీ చేస్తున్నాను. ఈ పని సాఫ్ట్‌వేర్ చేయవలసింది.

మొదట్లో మెచ్చుకున్న వాటి గురించి కూడా కొంచెం సవరించి చెప్పాలి. లాగి వదిలే పద్ధతి ఒంటరి మీటింగుకు హాయిగానే ఉంటుంది. సిరీస్‌లోని మీటింగును లాగితే మాత్రం అదే మూడు ఎంపికల పెట్టె వస్తుంది, తొందరలో ఏది నొక్కుతామో చెప్పలేము. కాబట్టి సిరీస్‌లోని వాటిని లాగడం మానేసి, పూర్తిగా తెరిచి మార్చుతున్నాను. అప్‌డేట్ పంపకుండా భద్రపరిచే సౌకర్యం అక్షరదోషాలకు, అదనంగా జోడించే పత్రాలకు బాగుంటుంది. సమయం మార్చి అప్‌డేట్ పంపకపోతే మాత్రం మా సంస్థలోనివారి కేలెండర్లలో మీటింగు నిశ్శబ్దంగా కొత్త సమయానికి మారిపోతుంది, బయటివారి కేలెండర్లలో పాత సమయమే మిగిలిపోతుంది. ఇద్దరూ తమ తెర మీద ఉన్నదే సరైనదని నమ్ముతారు.

ఒక విషయంలో మాత్రం ఈ వ్యవస్థను మనస్ఫూర్తిగా అభినందిస్తాను. సమయం వంటి ముఖ్యమైన వివరం మారిన ప్రతిసారీ ఆహ్వానంలో సీక్వెన్స్ అనే సంఖ్య పెరుగుతుంది. ఒకే రోజు రెండుసార్లు సమయం మార్చినప్పుడు, మొదటి మెయిల్ ఆలస్యమై రెండోదాని తర్వాత చేరినా, అందుకున్న సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యను చూసి పాతదాన్ని పక్కన పెడుతుంది. నేను ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా, అప్‌డేట్ పంపినంతవరకు, చివరి సమయమే అందరి దగ్గరా నిలిచింది.

ఈ సాఫ్ట్‌వేర్ వాడవచ్చా అని అడిగితే నా జవాబు అడిగినవారి పనిని బట్టి ఉంటుంది. నేను నడిపేవి ఎక్కువగా దీర్ఘకాలపు సిరీస్‌లు, వాటిలో వేరు వేరు సంస్థలవారు వేరు వేరు కేలెండర్లతో ఉంటారు, మీటింగు వివరణలోనే నిర్ణయాలు రాసుకునే అలవాటు కూడా మాకుంది. ఈ మూడూ కలిసిన చోటే దెబ్బ గట్టిగా తగిలింది. ఒక్కసారి జరిగే మీటింగులే ఎక్కువగా పెట్టుకునేవారు, అందరూ ఒకే సంస్థలో ఉన్నవారు దీన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. నేను కూడా ఇంకా దీన్నే వాడుతున్నాను. నిర్ణయాలను మాత్రం ఇప్పుడు వేరే పత్రంలో రాసి, ఆహ్వానంలో దాని లింకు ఒక్కటే పెడుతున్నాము. విడి మార్పుల జాబితా చూపించి అడిగే పెట్టె ఏదైనా కొత్త వెర్షన్‌లో వస్తే, 'సిరీస్ మొత్తం' అన్న ఎంపికను మళ్లీ పరీక్షించి చూస్తాను.